హైమావతి కోపం

నేను ఒక తాళంచెవుల గుత్తిని. పార్వతీపురం బజారులో ఒక కమ్మరి ఇనుప ఊచ వంచి నాకు కడియం చేశాడు. ఆనాటి నుంచి మా ఊరి శాఖా గ్రంథాలయం తలుపులూ బీరువాలూ నా మాట వింటున్నాయి. మొదటి లైబ్రేరియన్ నాతో వీపు గోక్కునేవాడు. రెండో ఆయన నన్ను బల్ల మీద దడదడలాడించి, పాఠకులను నిశ్శబ్దంగా ఉండమనేవాడు. మనుషుల తీరే అంత.

మూడో యజమాని హైమావతి. ఆమె దగ్గరే నా పరపతి పెరిగింది. ఆమెకు మూర్ఛ జబ్బు. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని ఊరి నమ్మకం కదా, ఆమె పడిపోగానే పాఠకులు పేపర్లు పడేసి నన్ను ఆమె గుప్పిట్లో కుక్కేవారు. రెండు నిమిషాల్లో తేరుకునేది. ఆ ఘనత నాదేనని ఏళ్ళ తరబడి విర్రవీగాను. ఫిట్స్ చాలావరకు వాటంతటవే ఆగుతాయనీ, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, చేతిలో ఏదీ కుక్కొద్దనీ డాక్టరమ్మ చెప్పాక నా పరువు గంగలో కలిసింది.

పాత మందుకు జబ్బు లొంగడం లేదని ఆవిడ కొత్త మాత్ర రాసింది. ఫిట్స్ ఆగాయి. ఆ మాత్ర సంగతి పాఠకులందరికీ తెలిసింది. హైమావతి మాత్రం మారిపోయింది. ఇక్కడ చేరిన పదకొండేళ్ళలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అయినదానికీ కానిదానికీ కస్సుమనేది. ఆ వెంటనే బీరువాల వెనక్కి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చేది. "పొగరెక్కీసింది" అన్నారు జనం.

ఒకరోజు సింహాద్రి మాస్టారు పేపరు మధ్య షీటు ఇమ్మని అడిగారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, రోజూ వచ్చే పాఠకుడు. హైమావతి నన్ను ఆయన మీదికి విసిరింది. సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు మండిపడి, గోడకు వేలాడే ఫిర్యాదుల పుస్తకం అందుకున్నారు. రాయబోయి ఆగారు. వెనక పేజీలు తిప్పారు. పదకొండేళ్ళుగా ఫ్యాను తిరగదనీ కుర్చీ విరిగిందనీ తప్ప ఆమె మీద ఒక్క ముక్క లేదు. జూన్ నుంచి ఏకంగా ఆరు.

"తల్లీ, కొత్త మాత్ర ఎప్పట్నుంచి ఏసుకుంతన్నావు?"

"మే ఆఖర్నుంచి మాస్టారూ. రేపట్నుంచి మానేస్తాను. పడితే పడతాను గానీ, ఇలా అందరి మీదా అరుస్తూ బతకలేను."

"ఒక్కసారే మానీకు. ముందు ఈ పుస్తకం అట్టుకెళ్ళి డాక్టరమ్మకి సూపించు. ఇన్నేళ్ళూ నేని కోపం ఇప్పుడెక్కడ్నుంచి వచ్చీసింది?"

తన మీది ఫిర్యాదులను తానే చంకన పెట్టుకుని వెళ్ళి డాక్టరమ్మ ముందు పరిచింది హైమావతి. నేను ఆమె సంచిలోనే ఉన్నాను. ఆ గుండెధైర్యం చూసి ఇనుమునైన నేనే గర్వపడ్డాను. డాక్టరమ్మ తేదీలన్నీ చూసింది. ఆ మాత్రతో కొందరికి ఇలాంటి కోపం, ఏడుపు వస్తాయనీ, మనసు ఎలా ఉందని ముందే అడగకపోవడం తన పొరపాటేననీ ఒప్పుకుంది. దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వేరే మందు మొదలుపెట్టింది.

మూడు నెలలు గడిచాయి. పుస్తకాల గది ప్రశాంతంగా ఉంది. ఒక పెద్దమనిషి కొత్త పుస్తకంలో పేజీ చించి జేబులో దోపుకోబోయాడు.

"ఏమయ్యా! ఆ కాగితం బల్ల మీద పెట్టు!" అని గర్జించింది హైమావతి.

గదిలో అందరూ బిక్కచచ్చిపోయారు. మాస్టారు మెల్లగా దగ్గరికి వచ్చారు.

"మళ్ళీ మాత్ర పనేనా తల్లీ?"

హైమావతి నవ్వింది. "కాదు మాస్టారూ. ఈ కోపం నాదే."