చీలమండ దాకా

ఆదివారం పొద్దున్న గంట కొట్టకముందే మరియమాత గుడి వెనక గదిలో ఇన్నాసిగారి తనిఖీ మొదలవుతుంది. గుడి పెద్దరికం ఆయనది. తలకు నూనె రాశారా, గోళ్లు కత్తిరించారా అని పీఠం దగ్గర సేవచేసే పిల్లల్ని వరసగా నిలబెట్టి చూస్తాడు. తెల్ల అంగీ చీలమండ దాకా ఉండాలి, అంగుళం పైకున్నా ఫాదర్ పక్కన నిలబడకూడదన్నది ఆయన శాసనం.

అంగీలు మాత్రం ఆయన్ని ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. బీరువాలోని నాలుగూ ఎవరు తొడుక్కుంటే వాళ్ల చీలమండ దగ్గరికి దిగి ఆగుతాయి. ఒకరికి దిగాక, ఆ పూజ ముగిసేదాకా ఇంకొకరికి దిగవు. గిరాకీ పోయిందని దర్జీ సణుక్కోవడం తప్ప, పలాస దగ్గరి ఆ ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు.

ఆ రోజు మరియమాత పండగ. ఫాదర్ చేతులమీద నీళ్లు పోసే పని మొదటిసారి సుహాసినికి దక్కింది. నెల్లాళ్లుగా ఇంట్లో చెంబు పట్టుకుని అదే సాధన. తల్లి జ్ఞానాంబ గుమ్మం దగ్గర నిలబడి మురిసిపోతోంది. పండగ హడావిడిలో ఇన్నాసి ముందు అంగీలు తొడిగించేసి, తర్వాత చేతులు చాపమన్నాడు.

సుహాసిని వేళ్లు నల్లగా ఉన్నాయి.

"ఏటిది? ఈ సేతుల్తో ఫాదర్ గారికి నీళ్లు పోస్తావా?"

"జీడి మరకండి. సబ్బెట్టి తోమినా పోనేదండి."

"అయితే అంగీ ఇప్పు. మా మనవడు ఏసుకుంటాడు."

జ్ఞానాంబకు ఒళ్లు మండిపోయింది. ఊరి చివర జీడిపిక్కలు కొట్టే బట్టీ ఈయనదే. ఆమె అందులోనే కూలి. మొన్న తను జ్వరంతో పడుంటే, సరుకు ఆగిపోతుంది, పిల్లనైనా పంపమని కబురు పెట్టింది ఈయనే. జీడి రసం అంటకుండా చేతులకు రాసుకోను కాస్త ఆముదం కూడా ఇవ్వలేదు. పప్పు తెల్లగా ఉంటే చాలాయనకి.

"అయ్యా, ఆ మరక మీ బట్టీదే," అంది. "పిక్కలు కొట్టినప్పుడు పనికొచ్చిన సేతులు ఇప్పుడు పనికిరావేటి?"

"గుళ్లో బట్టీ మాటలేటే? రేపు పన్లోకి రావా ఏటి?"

సుహాసిని అంగీ విప్పి, మడతపెట్టి ఇచ్చింది. ఏడవలేదు. అది చూసి జ్ఞానాంబకు ఇంకా మండింది.

మనవడు హరిచరణ్ తొడుక్కుంటే అంగీ మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఇన్నాసి పట్టుకుని కిందికి లాగాడు. అది ఇంకాస్త పైకి పోయింది. గంట మోగింది. లోపలికొచ్చిన ఫాదర్ ఆ మోకాళ్ల వంక చూశాడు.

"చీలమండ దాకా ఉండాలని రూలు పెట్టింది మీరే కదండీ. ఇది ఎవరికి దిగిందో ఆ పిల్లనే రమ్మనండి."

సుహాసిని మళ్లీ తొడుక్కుంది. అంగీ చీలమండ దాకా జారింది.

పూజలో ఆమె చెంబు వంచినప్పుడు ఆ నల్లటి వేళ్లను గుడంతా చూసింది. ముందు వరసలో ఇన్నాసి తల దించుకున్నాడు. జ్ఞానాంబ కోపం మాత్రం చల్లారలేదు. పూజయ్యాక మెట్ల దగ్గర జనం మధ్యనే ఆయన్ని ఆపింది.

"రేపు పన్లోకి నేనొస్తాను. పిల్ల రాదు. మళ్లీ కబురెట్టినారంటే పూజ మద్దిలో నిలబడి అడుగుతాను."

ఇన్నాసి చెప్పులు వెతుక్కున్నాడు. మళ్లీ కబురు రాలేదు. క్రిస్మస్ నాటికి సుహాసిని వేళ్ల మరకలు పోయాయి. తల్లి వేళ్లు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి.