దొర పిలుపు

తెలంగాణ వచ్చాక విజేందర్ దశ తిరిగింది. అంతకుముందు హీరో చేతిలో నాలుగు తన్నులు తిని మూలన పడే రౌడీ వేషాలే గతి. మన యాసలో సినిమాలు మొదలయ్యేసరికి, దొర వేషమంటే విజేందరే అన్నంత పేరొచ్చింది. నకిరేకల్ బజారులో ఆడవాళ్లు అతన్ని చూసి మెటికలు విరిచి తిట్టేవారు. ఆ తిట్లే నాకు దీవెనలని మురిసిపోయేవాడు.

ఒక్క మనిషి మాత్రం అతని సినిమా ఆడే హాలు గడప తొక్కలేదు. కన్నతండ్రి లింగస్వామి. వయసంతా దొర గడీలో వెట్టి చేసిన మనిషి.

"గది యాక్టింగ్ బాపూ! జర ఒక్కసారి జూడు. మంచిగున్నదో లేదో జెప్పు."

"దొర ఏషం గట్టినోని మొకం నేను జూడ. నీకు వేరే పనే దొరకలేదారా? థూ!"

యాభై దాటినవాడు, ఊరూరా పేరున్నవాడు, తండ్రి నోట ఒక్క మంచి మాట కోసం పడిచచ్చేవాడంటే నమ్ముతారా? అదే వాడి రోగం! కొత్త సినిమా వచ్చిన రోజు ముసలాయన్ని బతిమాలి, కసిరి, కారెక్కించాడు. దారి పొడవునా ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

తెర మీద గడీ అరుగు. మీసం దువ్వుతూ విజేందర్. అతను పలికిన గొంతు, చిన్నప్పుడు గడీ గోడ పక్కన నిలబడి విన్న దొర గొంతే. షూటింగులో జీతగాడి పాత్ర పేరు మరిచిపోయి, ఆ దొర తన తండ్రిని పిలిచినట్టే పిలిచేశాడు. డైరెక్టర్ చప్పట్లు కొట్టి అదే ఉంచాడు.

"ఓరి లింగిగా! యాడ సచ్చినవ్‌రా?"

పక్క సీటు చప్పుడైంది. లింగస్వామి లేచి నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎనభై ఏళ్ల నడుము సగానికి వంగింది.

"వస్తున్న దొరా... నీ బాంచెను."

"కూసో తాతా, తెర కనబడ్తలే!" వెనక నుంచి ఎవడో అరిచాడు. హాలంతా పగలబడి నవ్వింది.

విజేందర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి పట్టి గుంజాడు. "బాపూ, నేనే! నీ కొడుకును!"

ముసలాయన తెరను చూశాడు, కొడుకును చూశాడు. బయటికి నడిచాడు. విజేందర్ వెంటపడి రోడ్డు మీద అడ్డం నిలిచాడు.

"మంచిగ జేసినవ్‌రా," అన్నాడు లింగస్వామి, పళ్లు కొరుకుతూ. "అచ్చం గా దొరోలెనే జేసినవ్. ఇన్నేండ్లు మర్సిన అనుకున్న. కన్నకొడుకే నన్ను లేపి బాంచెను అనిపించిండు."

"బాపూ..."

"గట్ల పిలువకు. గంతమంది ముంగట లింగిగా అన్నవ్ గద? ఇగ గట్లనే పిలువు."