ఎర్రదారం పళ్ళు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మామగారు, అత్తగారు, ఆడపడుచు, మరిది, ఆమె, ఆమె కూతురు. వీళ్ళు కాక, బల్లమీద పళ్ళేల్లో పళ్ళు. ఎవరెవరి నోళ్ళలోంచో ఊడబీకినవి, కాలేజీ నుంచి శుభ్రం చేసి తెచ్చినవి, నిలువునా కోసినవి. ఆడపడుచు వాటిని చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం ముత్యాల్ని చూసినట్టు మురిసిపోయింది. కూతురి చేతిపని మరి!

కూతురు పళ్ళ డాక్టరు. ఇంకా పైచదువు చదువుతోంది. తల్లి ముందుపన్నొకటి లోపల్నుంచి తనను తానే తినేస్తోందని ఎక్స్‌రేలో కనిపెట్టింది కూడా ఆ పిల్లే. పంటి వేరులో సన్నటి గొట్టంలా ఉండాల్సిన దారి మధ్యలో కుండ పొట్టలా గుల్లయిపోయింది. రూట్ కెనాల్ చేసి, ఆ పొట్టను సందు లేకుండా నింపితేనే పన్ను నిలుస్తుంది.

ఎలా నింపాలన్న దగ్గరే పేచీ. కాలేజీలో పెద్ద డాక్టరుగారు రబ్బరులాంటి గులాబీరంగు పుల్లల్ని సిమెంటుతో కలిపి కూరమంటారు. కూతురేమో అలాంటి పదార్థాన్నే వేడిచేసి, కరిగించి లోపలికి ఎక్కించాలంటుంది. అందుకని ఊడిన పళ్ళలో అలాంటి గుల్లలే తొలిచి, రెండు రకాలుగా నింపి కోసింది.

"ఏది గెలిస్తే అదే నీ పంట్లో పెడతానమ్మా. నా మీద నాకే నమ్మకం లేదు, నావైపే మొగ్గుతానేమో. ఈ పళ్ళెంలోవి నా పద్ధతివి, ఆ పళ్ళెంలోవి పెద్దాయనవి. ఒక రకానికి ఎర్రదారం, ఇంకోదానికి నీలందారం కట్టు. ఏది దేనికో ఎవరికీ చెప్పకు, నాకు కూడా" అంది.

ఆమె కట్టింది. చెప్పలేదు.

గడియారాలు బాగుచేసి బతికిన మామగారు కంటికి భూతద్దం బిగించాడు.

"తాతయ్యా, నింపినదానికీ పంటిగోడకీ మధ్య నల్లటి సందు ఉందా లేదా, అంతే చెప్పు."

ఆయన ఎర్రదారం పన్నొకటి ఎత్తాడు. "ఇదిగో, ఈ మూల కాస్త సందు..."

మంచినీళ్ళు తెచ్చిన ఆమె గట్టిగా దగ్గింది.

"...అబ్బే, ఉన్నట్టు లేదులే" అన్నాడాయన.

ఇంకో ఎర్రదారం. ఇంకో దగ్గు.

"ఏమే కోడలా, నీలందారానికి లేని దగ్గు ఎర్రదారానికే వస్తోందేం?" అంది అత్తగారు.

"వదిన దగ్గు కూడా డాక్టరు చదివినట్టుంది!" అని ఆడపడుచు పకపకా నవ్వింది.

కూతురు నవ్వలేదు. "అమ్మా, ఎర్రవి నావేనా?"

"నేనేమన్నా నోరు విప్పానా?"

"విప్పలేదు. దగ్గావ్."

ఆమెకు రోషం వచ్చింది. "అయితే ఏంటట? ఆ పెద్దాయన నీకంటే గొప్పా?"

"నింపబోయేది నీ పన్నమ్మా! సందు మిగిలితే వాచేది నీ చిగురు!"

"నీ చేత్తో పెట్టిందైతే సందున్నా నాకు ఫర్వాలేదు."

కూతురు తాతయ్య చేతిలోంచి ఎర్రదారం పన్ను తీసి పళ్ళెంలో పెట్టేసింది.

"నేను మాత్రం అలా పెట్టను."

పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న మరిదిని కేకేసింది. "బాబాయ్, ఈ పళ్ళేలు నీ గదిలోకి తీసుకెళ్ళి దారాలు విప్పి మళ్ళీ కట్టు. రంగులు తారుమారు చేస్తావో, ఉన్నట్టే ఉంచుతావో నీ ఇష్టం. ఇంట్లో ఒక్కరికీ చెప్పొద్దు. అమ్మా, నువ్వు బయటికి నడు. తాతయ్యా, మళ్ళీ మొదట్నుంచి చూడాలి."

జన్మలో ఒకరి మాట విని ఎరగని ఆ మామగారు "సరేనమ్మా" అని బుద్ధిగా భూతద్దం తుడుచుకున్నాడు. అది చూసేసరికి ఆమె రోషం ఎటుపోయిందో పోయింది. ఛాతీ ఉబ్బింది.

"నేనో మూల కూర్చుంటాలే. నోటికి గుడ్డ కట్టుకుంటా" అని బతిమాలింది.

"కళ్ళతో సైగ చేస్తావ్. నీ సంగతి నాకు తెలీదూ?"

భుజాలు పట్టి గడప దాటించింది. ఆమె వెనక్కి తిరిగి, పొంగుకొచ్చే నవ్వు ఆపుకోలేక, "చూశారా దీని పొగరు! అచ్చంగా నా కూతురే!" అని లోపలివాళ్ళకు వినబడేలా అంటుండగానే, కూతురు ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.