పట్టుకున్న స్వరం

దేవదానం చెయ్యెత్తాడు. మళ్లీ అక్కడే.

పాడుతున్నవాళ్లు బ్రేకు పడ్డ బస్సులో జనంలా తూలి ఆగిపోయారు. ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సు తోలిన మనిషి. ఆయన చెయ్యి లేస్తే ఆగడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

"ఏందిమ్మా దీప్తీ ఇది? మీ అత్త ఎప్పుడన్నా ఇట్ల పాడిందా? గేరు పళ్లు రాసుకున్నట్టుంది."

కోడలు దీప్తి పాట కాగితాన్ని మళ్లీ మొదటికి తిప్పింది. తెల్లారితే అత్త నిర్మలమ్మ పోయి ఏడాది. జమ్మలమడుగులోని ఈ ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక. అందులో అత్త పాటను నాలుగు గొంతులతో పాడించాలని దీప్తి పట్టుదల. మామ ఒప్పుకోకపోతే పాట లేదు.

ఆ పాట నిర్మలమ్మ బియ్యం ఏరుకుంటూ సొంతంగా కట్టుకున్నది. "చీకటి దాటేదాకా చెయ్యి వదలకు తండ్రీ." ఒకసారి దీప్తి దాన్ని కీబోర్డు మీద తోచినట్టు రెండు స్వరాలు కలిపి వాయిస్తే, నిర్మలమ్మ చేట పక్కన పెట్టేసింది. "పాట కింద ఇంకా మనుషులున్నట్టుందే! నేర్చుకో. నేర్చుకుని నా పాటకు చెయ్యి."

ప్రొద్దుటూరులోని తమ ఇంట్లో, పిల్లలు బడికి పోయాక దీప్తి ఫోను ముందు కూర్చుని చెన్నైలోని ఒక సంగీతం మాస్టారి దగ్గర గొంతులు కలపడం నేర్చుకుంది. అన్నిటికన్నా పైన పాట. అట్టడుగున మగవాళ్ల బాస్. ముందు ఆ రెండూ కుదరాలి. నడుమ ఆడవాళ్ల ఆల్టో, మగవాళ్ల టెనర్ సర్దుకోవాలి. ఏ రెండు గొంతులూ కాడి కట్టిన ఎద్దుల్లా ఒకే ఎడంతో నడవకూడదు. ఎవరి దారి వారిది, పోవడం మాత్రం కలిసే. తప్పు లేకుండా రాయడానికే ఆమెకు నెలలు పట్టింది. తీరా అంతా ఒద్దికగా కుదిరాక మాస్టారు, "ఇప్పుడు 'వదలకు' దగ్గర టెనర్‌ను కదలనివ్వకండి" అన్నాడు. బాస్ 'ప'కు పోతుంది, పాట 'రి'కి పోతుంది, టెనర్ మాత్రం పాత 'స' మీదే నిలబడాలట. వాయించి చూసి దీప్తి ఉలిక్కిపడింది. 'రి', 'స' ఒకదాన్నొకటి గీసుకుపోయాయి. స్వరాలు గీసుకోకూడదని ఇన్నాళ్లూ చెప్పిన ఈయనే ఇప్పుడు గీసుకోమంటున్నాడా! అంతలో 'స' ఒక్క మెట్టు 'ని'కి దిగింది. ఆమెకు ఒళ్లు జలదరించింది.

ఆ దిగడం మామ ఇంతవరకూ వినలేదు. గీసుకోగానే చెయ్యెత్తుతున్నాడు.

గడపలో కూర్చున్న ఖమర్‌బీ నవ్వింది. పక్కిల్లే, నిర్మలమ్మకు ప్రాణ స్నేహితురాలు. "ఏంది దేవదానమన్నా, ఊరు రాకముందే అందర్నీ దించేస్తాండావు! ఆ పిల్లను బస్టాండు దాకా పోనీ."

"నువ్వూరుకో ఖమరూ. గేరు తప్పిన శబ్దం నాకు తెలీదా?"

టెనర్ పాడుతున్నది చిన్నకొడుకు అవినాష్. దీనికోసమే పులివెందుల నుంచి వచ్చాడు. "నాయనా, నేను తప్పేం పాడలే" అన్నాడు.

"పాడినావు. అందరూ పోతే నువ్వొక్కడివి ఆడనే ఎందుకు నిలబడినావు?"

దీప్తి తలెత్తింది. ఇన్ని గొంతుల్లో కదలని ఒక్క గొంతునూ మామ చెవి పట్టేసింది.

"మామా, అవినాష్ పాడేది మీరు పాడండి."

గదిలో అందరూ బిగుసుకుపోయారు. పెళ్లాం పోయాక దేవదానం చర్చిలో కూడా పెదవి కదపలేదు. పాడమని అడిగే ధైర్యం కన్నకొడుకులకే లేకపోయింది. దీప్తి భర్త ఆమె వైపు గుడ్లప్పగించి చూశాడు.

"నాకు రాదు."

"వచ్చు మామా. అన్నిసార్లు ఆపినారు గదా, అందరికన్నా మీకే బాగా వచ్చుంటాది."

"యా అల్లా" అని ఖమర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దేవదానం లేచాడు. తిడతాడనే అనుకున్నారు. వచ్చి అవినాష్‌ను భుజం పట్టి పక్కకు జరిపి ఆ చోట నిలబడ్డాడు.

పాట మొదలైంది. మొదట గాలే వచ్చింది, తర్వాత గొంతు వచ్చింది. "చెయ్యి" దగ్గర 'స' అందుకున్నాడు. "వదలకు" అంటూ తక్కినవాళ్లంతా కదిలిపోయారు. కాళ్ల కింద నేల జరిగినట్టు ఆయన మొహం పాలిపోయింది. అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. కానీ ఈసారి స్వరం ఆయన నోట్లోనే ఉంది. ఎవరూ ఆగలేదు.

దిగాల్సిన చోటు వచ్చింది. ఆయన దిగలేదు.

పై పాట పాడుతున్న దీప్తి 'రి' మీదే నిలిచిపోయింది. ఆమెను చూసి బాస్ పాడుతున్న భర్త, ఆల్టో పాడుతున్న చర్చి ఆడపిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలిచారు. ఆయన మెడ నరాలు తేలాయి. గీసుకుంటున్న ఆ రెండు స్వరాలూ గది నిండా రంపంలా ఆడుతున్నాయి. ఇలా అయితే ఏం చెయ్యాలో ఏ పాఠంలోనూ లేదు. ఊపిరి అయిపోతోంది. ఒక్కరూ వదల్లేదు.

చివరికి ఆ ముసలి గొంతు వణికి, ఒక్క మెట్టు దిగింది. గది గదంతా సర్దుకుంది. "తండ్రీ" మీద నాలుగు గొంతుల దారులూ కలిశాయి.

దేవదానం ఎత్తిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. అదెవరిదో అన్నట్టు చూసుకుని, మెల్లగా దించాడు.

"దాని తర్వాత... ఇది ఉందా?"

"మొదట్నుంచీ ఉంది మామా."

"మీ అత్త వినిందా?"

"లేదు మామా." నిర్మలమ్మ పోయేనాటికి దీప్తి ఇంకా జోడెద్దుల తప్పులు దిద్దుకుంటూనే ఉంది.

ఆయన కుర్చీ దాకా పోలేక గడపలోనే కూలబడ్డాడు. ఖమర్‌బీ జరిగి చోటిచ్చింది. దీప్తి తెచ్చిన చెంబెడు నీళ్లూ తాగి, ఖాళీ చెంబు పక్కన పెట్టాడు.

"అవినాషూ."

"నాయనా."

"రేపు నా పక్కనే నిలబడు. నాకు ఊపిరి సాలదు."