విప్పొద్దన్న సంచి

"ఇద్దరం విదేశం చూసొద్దాం, వస్తావా?" అని పెద్ద తోడికోడలు అడగ్గానే చిన్నావిడ గుండెల్లో రాయి పడింది.

పెద్దావిడ హెడ్‌మిస్ట్రెస్. బళ్లో పిల్లల్ని అదిలించినట్టే ఇంట్లో అందర్నీ అదిలిస్తుంది. చిన్నావిడది ఇస్త్రీ కొట్టు. ఏనాడూ సినిమాకైనా తోడు రమ్మనని మనిషి ఇప్పుడు ఏకంగా విమానం ఎక్కిస్తానంటుందేమిటి?

ఆ తర్వాత జరిగినవన్నీ అనుమానానికి ఆజ్యం పోసేవే. వీసా దరఖాస్తు దగ్గర, "నా కళ్లజోడు కనబడ్డం లేదు, నువ్వే నింపు" అంది. కళ్లజోడు నెత్తిమీదే ఉంది. హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు, పాస్‌పోర్టు గడువు, అన్నీ నోటితో పురమాయించడమే తప్ప పెన్ను ముట్టలేదు. బయల్దేరే ముందు ఓ చిన్న గుడ్డసంచి చేతిలో కుక్కి, "నీ బ్యాగులో పెట్టు. విప్పొద్దు. మీ బావగారి చెవిన వెయ్యొద్దు" అంది.

రాసిందీ నేనే, మోసేదీ నేనే. రేపేదైనా అయితే ఇరుక్కునేదీ నేనే అనుకుంది చిన్నావిడ. విమానంలో పైనుంచి తడిమి చూస్తే సంచిలో ఏవో గరగరలాడాయి. ఇంక కునుకు పడితే ఒట్టు.

దిగాక ఇచ్చిన కాగితంలో, ఇతరుల సామాను గానీ మందులు గానీ తెచ్చారా అని ప్రశ్న.

"లేదని రాసెయ్," అంది పెద్దావిడ లోగొంతుకతో.

"అసలేముందక్కా ఆ సంచిలో?"

"చెప్పింది చెయ్యి."

"నేనేమన్నా నీ బళ్లో పిల్లనా? జైల్లో పడితే నువ్వొచ్చి విడిపిస్తావా?"

చిన్నావిడ ఉన్నాయనే రాసింది.

కస్టమ్స్ అధికారి సంచి విప్పాడు. అన్నీ మాత్రల అట్టలు. ఎవరివి, డాక్టరు చీటీ ఏదీ, చీటీ మీదా పాస్‌పోర్టు మీదా ఒకే పేరుండాలి కదా అని గుక్కతిప్పుకోకుండా అడిగాడు. చిన్నావిడ పక్కకి చూస్తే పెద్దావిడ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. చేతులు దులిపేసుకున్నట్టే!

ఇంతలో పెద్దావిడ తన హ్యాండ్‌బ్యాగు తెరవబోయింది. జిప్పు వేళ్లకి దొరకడం లేదు. వేళ్లు గడగడా వణుకుతున్నాయి.

"నావే," అంది అధికారితో. "ఈ వణుకుకి." తర్వాత తోడికోడలి వైపు తిరక్కుండానే, "చీటీ ఇందులో ఉంది. కాస్త తియ్యమ్మా" అంది.

చిన్నావిడ తీసిచ్చింది. అధికారి పేర్లు సరిచూసి ముద్ర వేసి పంపించాడు.

బయటికొచ్చాక కోపమో ఏడుపో తేల్చుకోలేక, "ముందే చెప్పొచ్చుగా! ఏ దొంగసరుకో అని హడలి చచ్చాను" అంది.

"నా పెట్టే బ్యాగూ మీ బావగారే సర్దుతారు. చీటీ అయితే బ్యాగు మడతలో దాచాను గానీ, ఇన్ని అట్టలు ఎక్కడ దాచను? ఆయన కంట పడితే ఉద్యోగం మానిపించి మంచానికి కట్టేస్తారు. ఈ చేతులు ఇంకా పాడవకముందే నాలుగు ఊళ్లు చూద్దామనిపించింది. ఒంటరిగా రావాలంటే భయం."

"నాకైనా చెప్పకపోతివి?"

"నువ్వు నన్ను చూసి భయపడతావు. అది బాగుంటుంది. జాలిపడితే భరించలేను."

చిన్నావిడ ఆవిడ పెట్టె కూడా తనే అందుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇంకేమన్నా దాచావా అక్కా?"

"గురక పెడతాను. గది ఒకటే తీసుకున్నాం."

చిన్నావిడ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే, ఎందుకైనా మంచిదని, ఆవిడ మొహంలోకి ఇంకోసారి పరీక్షగా చూసింది.