ఈరమ్మ పేరు

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదాన్ని. ఎవరేం చెప్పినా వింటాను, ఎవరో ఒకరు నొక్కితే తప్ప నోరు విప్పను. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గానీ, కోఠీలో నన్ను ఒక విలేకరి కొన్నాడు. అతని జేబులో ఉన్నన్నాళ్ళూ నాయకుల హామీలు మింగి మింగి నాకు అజీర్తి చేసింది. మంచి ఫోను కొనుక్కున్నాక నన్ను వారిజకు అమ్మేశాడు. వారిజ మందు మొక్కల మీద పరిశోధన చేసే అమ్మాయి. మంచిపిల్ల. అదే నా బాధ.

ఆమె నన్ను భద్రాచలం అవతల అడవిలో ఒక గూడేనికి తీసుకెళ్ళి, మడకం జోగమ్మ అనే ముసలావిడ ముందు పెట్టింది. ఎముకలు అతికించే వేరు గురించి చెప్పమంది. జోగమ్మ గబుక్కున వేరు సంగతి ఎత్తుకోలేదు.

"ఇది నాకు మా అత్త ఈరమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళ మేనత్త కన్నమ్మ చెప్పింది. ముందుగాల వాళ్ళ పేర్లు చెప్పాలె, ఆనక వేరు సంగతి. లేకుంటే దొంగతనమే. నువ్వు గూడ గట్లనే రాయాలె బిడ్డా."

"తప్పకుండా రాస్తాను అవ్వా," అంది వారిజ. మనస్ఫూర్తిగానే అంది, నేను విన్నాను.

పట్నానికి తిరిగొచ్చాక, ఆమె పరిశోధన చూసే గైడుగారు ఇది విని నవ్వారు. "ఆధారం అచ్చులో ఉండాలమ్మా. ఈరమ్మ ఏ పుస్తకం రాసింది? స్థానికుల నమ్మకం అని రాసి వదిలెయ్."

వారిజ ఆయన చెప్పినట్టే రాసింది. టైపు చేసేవాడికి గందరగోళం ఎందుకని నాలోంచి ఆ పేర్లున్న మొదటి ముక్క చెరిపేసింది. పరిశోధన గ్రంథం చివర మాత్రం, ఆ వేరును కంటితో చూడని పెద్దమనుషుల పేర్లు బారులు తీరాయి.

అట్ట వేయించిన గ్రంథం పట్టుకుని వారిజ మళ్ళీ గూడేనికి వెళ్ళింది. జోగమ్మ మురిసిపోయింది. "మా అత్త పేరు ఏడుందో చూపియ్యి బిడ్డా. సదవరాకున్నా చేత్తోని తడుముత."

వారిజ ముఖం వాడిపోయింది. మాట మార్చడానికి, "మీ గొంతు వినండవ్వా," అంటూ నన్ను నొక్కింది. బ్యాటరీ అయిపోతే బాగుండునని ఎంతో కోరుకున్నాను. అయిపోలేదు. 'ఆ వేరును వానలు పడ్డాక తవ్వాలె...' అని తిన్నగా మొదలుపెట్టేశాను.

జోగమ్మ నివ్వెరపోయింది. "అయ్యో, అత్త పేరు చెప్పకుండనే మొదలువెట్టిన్నా? ఇంత వయసొచ్చి నేనే మరిచిన్నా?" అంటూ రెండు చెంపలూ వేసుకుంది.

'కాదవ్వా, చెరిపింది నేను' అని వారిజ అంటుందని ఎదురుచూశాను. ఆమె తల వంచుకుని గ్రంథం అట్ట నిమురుతూ కూర్చుంది.

ఇప్పుడు నేను వారిజ సొరుగులో ఉంటాను. అప్పుడప్పుడూ తీసి నొక్కుతుంది. ఈరమ్మ, ఈరమ్మ అని లోపల ఎంత మొత్తుకున్నా, నా నోట వచ్చేది ఆ వేరు సంగతే.