ఎదుటి సాంచా మనిషి

ఎడమచేత్తో సాంచా ఆపి, నాడెలో దారం అయిపోయిన కండె తీసి, కొత్త కండె తొడిగి, దారం కొస పట్టుకుని మళ్ళీ సాంచా నడిపించడానికి లస్మయ్యకు మూడుసార్లు ఊపిరి పీల్చినంత సేపు చాలు. ఈ మాట ఆయనే చెబుతాడు. కాదన్నవాళ్ళు సిరిసిల్లలో ఇంతవరకు లేరు. ఆ పొద్దున కూడా రేకుల షెడ్డులో, అక్కడివాళ్ళు సాంచాలనే ఎనిమిది మరమగ్గాల మధ్య అటూ ఇటూ నడుస్తూ, తెగిన పోగు ఎక్కడుందో చూడకుండానే వేలితో పట్టేస్తున్నాడు.

పొట్టి మనిషి. ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త కిందికి ఉంటుంది. కనుబొమ్మల మీద, చెవుల మీది వెంట్రుకల మీద ఎప్పుడూ దూది నూగు. స్నానం చేసి పెళ్ళికి పోయినా ఎక్కడో ఒక చోట అంటుకునే ఉంటుంది. ఊరు ఎల్లారెడ్డిపేట, కులవృత్తి కల్లుగీత. పద్నాలుగో ఏట తాటిచెట్టు సగం ఎక్కి, పైకీ పోలేక కిందికీ రాలేక కరుచుకుని ఉండిపోతే తండ్రి మోకు వేసుకుని ఎక్కి దించాడు. ఊరంతా నవ్వింది. లస్మయ్య ఏమీ చిన్నబుచ్చుకోలేదు. భూమ్మీద చేసే పనులు కూడా దేవుడే పెట్టాడని చెప్పి సిరిసిల్ల బస్సెక్కాడు. అది జరిగి నలభై మూడేళ్ళు.

సాంచాల మోతకు ఆయన చెవులు ముప్పై ఐదో ఏటికే పోయాయి. దానికీ బెంగపడలేదు. షెడ్డులో చెవులున్నవాడికైనా వినబడేదేముంది? అక్కడ మాట్లాడేది చేతులు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. మీసం మెలేస్తే షెడ్డు ఆసామి రాజలింగం వస్తున్నట్టు. ఎడమ అరచేతిలో కుడి పిడికిలి రెండుసార్లు కొడితే, 'వస్తున్నా, ఆగు'.

ఎదుటి వరుస సాంచాలు ఎల్లన్నవి. ఇరవై ఒక్క ఏళ్ళు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, పిల్లల పెళ్ళిళ్ళు, ఎలక్షన్లు, మోకాళ్ళ నొప్పులు అన్నీ చేతులతోనే మాట్లాడుకున్నారు. బయట చాయ్ హోటల్లో మాత్రం ఇద్దరూ మూగవాళ్ళలా కూర్చునేవారు. అక్కడ లస్మయ్యకు వినబడదు, ఎల్లన్నేమో నలుగురిలో నోరు విప్పడు.

నాలుగు నెలల కిందట ఎల్లన్నకు దమ్ము ఆడకుండా పోయింది. ఊపిరితిత్తుల నిండా నూగేనన్నారు డాక్టర్లు. భార్య పోచవ్వ ఆయన్ను కోరుట్లలో ఉన్న కూతురింటికి తీసుకుపోయింది. మొదట్లో ఇద్దరు మిత్రులూ వీడియో కాల్‌లో చేతులతో మాట్లాడుకునేవారు. పదిరోజుల నుంచి ఎల్లన్న చెయ్యి లేవడం లేదు. మిగిలింది గొంతు ఒక్కటే. లస్మయ్యతో ఒక్క మాట మాట్లాడాలంటున్నాడని పోచవ్వ నిన్న కబురు పంపింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. జగిత్యాలలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే కూతురు సృజన నిరుడు ఆయనకు చెవి మిషన్లు కొనిచ్చింది. ఎదురుగా మాట్లాడితే మాటలు బాగానే వినిపిస్తాయి. ఫోన్ దగ్గర పెడితే మాత్రం మిషన్లు కీచుమని అరుస్తాయి. ఫోన్లో మాట నేరుగా చెవిలోకి రావాలంటే ఆ మిషన్లు చేసిన కంపెనీ ఫోనే ఉండాలట. అదీ కొనిస్తానంది సృజన. లస్మయ్య ససేమిరా అన్నాడు.

"వాళ్ళ దగ్గర చెవులు కొన్నందుకు నోరు సుత వాళ్ళ దగ్గరే కొనాల్నా బిడ్డా? గదేం నాయం?"

అన్నంత పనీ చేశాడు. ఏడాది పాటు మంకుపట్టు పట్టి తన పాత ఫోనే వాడాడు. ఈలోగా ఎక్కడో ఐరోపా దేశాల్లో, ఇలాంటి వాటిని అదుపులో పెట్టే అధికారులు ఆ కంపెనీని పిలిచి, మీ మిషన్లు మీ ఫోన్‌తో చేసే పనులన్నీ పోటీ కంపెనీల ఫోన్లతోనూ చేయాల్సిందేనని ఆదేశించారు. సృజన ఆ వార్త చదివి వినిపించినప్పుడు లస్మయ్య తనే కేసు గెలిచినట్టు కూర్చున్నాడు. షెడ్డులో సాంచా ఒకరిది, నాడె ఒకరిది, దారం ఇంకెవరిదో. అన్నీ కలిస్తేనే గుడ్డ. ఇంత చిన్న సంగతి తేల్చడానికి దేశదేశాల పెద్దలు కూర్చోవలసి వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు. ఆ మార్పు మన దగ్గరి ఫోన్లకూ వచ్చిందని సృజన నిన్న సాయంత్రమే మెసేజ్ పెట్టింది.

పది గంటలకు రాజలింగానికి చేత్తోనే చెప్పి లస్మయ్య బజారుకు నడిచాడు. ఫోన్ల దుకాణం గిరిజది. ఎల్లారెడ్డిపేట దొరల ఇంటి ఆడబిడ్డ. ఆమె తాత ముందు లస్మయ్య తండ్రి చెప్పులు విడిచి నిలబడేవాడు. లస్మయ్య చెప్పులతోనే లోపలికి పోయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గిరిజకు కూడా అదే ఇష్టం. గౌడ్ సాబ్ అని పలకరించి ఫోన్ తీసుకుని, ఏవో నొక్కి, పావుగంటలో తిరిగిచ్చింది. ఇక ఫోన్ జేబులో ఉన్నా మాట చెవిలోకి వస్తుందని నెమ్మదిగా, పెదాలు కనబడేలా చెప్పింది. తరువాత ఇంకొకరి ఫోన్ చూడటానికి లోపలికి వెళ్ళింది.

లస్మయ్య కోరుట్లకు కలిపాడు. పోచవ్వ ఎత్తి, ఉండుమని, భర్త నోటి దగ్గర పెట్టింది.

"లస్మయ్యా, ఇనవడ్తుందా?"

సన్నటి, తియ్యటి గొంతు. లస్మయ్య ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళూ ఎల్లన్న మీసాలకు తగిన బొంగురు గొంతు ఒకటి తనే ఊహించుకున్నాడు. ఇంత మంచి గొంతు పెట్టుకుని మనిషి ఇరవై ఒక్క ఏళ్ళు సాంచాల మోతలో గడిపేశాడే అని మనసులో తిట్టుకున్నాడు. మాట రెండు చెవుల్లోనూ, ఎదురుగా నిలబడి అంటున్నంత దగ్గరగా వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వినబడుతోందని తల ఊపాడు.

"అయితారం దాక నేనుంటనో లేనో. ఎప్పుడస్తవ్ మరి?"

లస్మయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎడమ అరచేతిలో కుడి పిడికిలి గట్టిగా రెండుసార్లు కొట్టాడు. అటువైపు కాసేపు ఊపిరి చప్పుడు వినిపించింది. తరువాత ఫోన్ పెట్టేశారు.

గిరిజ బయటికి వచ్చి వినబడిందా అని అడిగింది. ప్రతి అక్షరం వినబడిందని, రమ్మన్నాడని చెప్పాడు. మీరేమన్నారని అడిగితే గర్వంగా పిడికిలి అరచేతిలో కొట్టి చూపించాడు.

"గది ఆయనకెట్ల కనవడ్తది గౌడ్ సాబ్?" అంది గిరిజ.

లస్మయ్య తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. వెంటనే మళ్ళీ ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి అడిగిన మాటకు జవాబు చెప్పకుండా గొడ్డులా కూర్చున్నాననుకుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ కూర్చుని ఏడ్చే రకం కాదు. సాంచాలు చూసుకొమ్మని రాజలింగానికి చెప్పే పని గిరిజకు అప్పగించి బస్టాండుకు నడిచాడు.

వేములవాడలో బస్సు మారాడు. కథలాపూర్ దాటేదాకా కిటికీ వైపు తిరిగి, "అచ్చిన ఎల్లన్నా, అచ్చిన" అని పైకే అనుకుంటూ సాధన చేశాడు. ఎంత గట్టిగా అంటున్నాడో ఆయనకు తెలియదు. పక్కనున్నామె లేచి వేరే సీటుకు పోయింది.

కోరుట్లలో ఆ ఇంటి ముందు చెప్పులు చూడగానే సంగతి అర్థమైంది. ఎల్లన్న పోయి గంటన్నర అయిందట. చాప మీద పడుకోబెట్టారు. మీసాలు ఎవరో చక్కగా దువ్వారు. లస్మయ్య ఆ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. బస్సులో నేర్చుకున్న మాటకు బదులు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

పోచవ్వ వచ్చి ఆయన మోకాలి మీద తట్టి, తన నోరు కనబడేలా ఎదురుగా కూర్చుంది.

"ఫోన్ పెట్టేసినంక నవ్విండన్నా. లస్మయ్య ఇప్పుడే అస్తుండు, కుర్చెయ్యి అన్నడు. ఆయన నోరే తెరవకపాయె, నీకెట్ల ఎరుక అన్న నేను. వాడు సప్పుడు చెయ్యలేదంటే చెయ్యి లేపినట్టే గదనే అన్నడు. కుర్చి తలాపు దిక్కు ఎయ్యవోతే ఒద్దన్నడు. ఎదురుంగ ఎయ్యి, చేతులు కనవడాలె అన్నడు."

చెప్పి కొంగుతో ముఖం తుడుచుకుంది. లస్మయ్య తల ఎత్తి చూశాడు. మంచం ఎప్పుడో బయటికి తీసేశారు. వచ్చినవాళ్ళంతా గోడ పొడుగునా కింద కూర్చున్నారు. మంచం ఉన్న చోటికి నాలుగడుగుల దూరంలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, ఎవరూ కూర్చోకుండా, ఆ ఖాళీ వైపే తిరిగి ఉంది.